తీగ చచ్చిందని ఎవరు చెప్పాలి?

(ఆరాంఘర్ చౌరస్తాకు దగ్గర్లోని ఒక ఫంక్షన్ హాలులో వైరింగ్ పనివారి ముందు చేసిన స్మారక ఉపన్యాసం. అచ్చు కోసం కొద్దిగా సవరించాను.)



కరెంటు పనిలో సంతాప సభలు కొత్త కాదు. ముప్పైమూడేళ్ల ఉద్యోగంలో చాలావాటికి వెళ్లాను. అన్నీ ఒక్కలాగే ఉండేవి. ఒక ఫొటో, దానికి దండ, ఫొటోలో ముప్పయ్యేళ్లు నిండని కుర్రాడు, ముందు వరుసలో ఏం జరుగుతోందో తెలియక బిస్కెట్లు తింటున్న పిల్లలు. ఈరోజు మనం తలుచుకుంటున్న మనిషి అలా పోలేదు. ముప్పైనాలుగేళ్లు స్తంభాలెక్కాడు, రిటైరయ్యాడు, మనవరాలి పెళ్లి చూశాడు, ఎనభైకి దగ్గరపడి ఇంట్లో మంచం మీద నిద్రలో పోయాడు. పది వేళ్లూ ఉన్నాయి. ఒంటి మీద కాలిన మచ్చ ఒక్కటి లేదు. మామూలుగా పోయిన లైన్‌మన్‌కు స్మారక ఉపన్యాసం ఏమిటని ఒకరిద్దరు నన్ను అడిగారు. మామూలుగా పోయాడు కాబట్టేనని చెప్పాను.

ఆయన పేరు పలకను. ఇంటివాళ్లు పెట్టిన షరతు అదొక్కటే. మేమందరం కాకా అని పిలిచేవాళ్లం. నేను ఇంజినీరుని, ఆయన లైన్‌మన్. కాగితం మీద నేను పైవాణ్ని. అది కాగితం వరకే.

ఆరాంఘర్ అంటే విశ్రాంతి తీసుకునే ఇల్లు. ఈ చౌరస్తాలో ఆరాంగా నిలబడ్డ మనిషిని నేనైతే ఇంతవరకూ చూడలేదు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఇది బెంగళూరు రోడ్డు, ఏడో నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు దాని నంబరు 44. 2008 మార్చిలో శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచారు. 2009లో మెహదీపట్నం నుంచి ఇక్కడిదాకా పదకొండున్నర కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. 2025 జనవరిలో జూపార్కు వైపు నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచారు. రోడ్డు పైకి లేచినప్పుడల్లా దాని కింద కేబుళ్లు లోతుకు పోయాయి, స్తంభాలు పక్కకు జరిగాయి, ఆ జరిపిన చేతుల్లో చాలా చేతులు మీవే.

ఇక్కణ్ణుంచి పదిహేను, ఇరవై కిలోమీటర్లలో కరెంటు వేసే వేషాలన్నీ ఉన్నాయి. కాటేదాన్‌లో ప్లాస్టిక్ కరిగించే మిషన్లు, మిల్లుల మోటార్లు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాల్లో బోర్లు. మైలార్‌దేవ్‌పల్లి గల్లీల్లో చేయి చాస్తే బాల్కనీకి అందే తీగలు. శంషాబాద్ రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్లు, వాటి సీరియల్ సెట్లు, వెనకాల జనరేటర్లు. అన్నిటికీ చివర రన్‌వే దీపాలు. వీటన్నిటి గురించీ మాట్లాడాలంటే రాత్రి భోజనాలు చల్లారిపోతాయి. నేను ఒక్క ప్రశ్న దగ్గరే ఉంటాను. అది కాకా దగ్గర నేర్చుకున్నది.

1980ల మొదట్లో, ఒక వానాకాలం సాయంత్రం. కాటేదాన్‌లో ఒక చిన్న మిల్లు, పేరు అక్కర్లేదు. దానికి సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. మెయిన్ లైను నుంచి నాలుగైదు స్తంభాల కొమ్మ ఒకటి ఆ మిల్లు కోసమే విడిగా వెళ్లేది. గాలివానకు కొమ్మ మీద తీగను తీగతో కలిపే జంపర్ తెగింది. సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి లైన్ క్లియర్, అంటే లైను ఆపామన్న మాట, ఎల్సీ, తీసుకున్నాం. కొమ్మ మొదట్లో ఉన్న, లైనును విడదీసే ఏబీ స్విచ్ ఓపెన్ చేశాం. మూడు బ్లేడ్లూ విడిపోయి ఆకాశంలోకి చూస్తున్నాయి, కింద నిలబడి కళ్లతో చూశాను. చీకటి పడుతోంది. వాన మళ్లీ వచ్చేలా ఉంది. మిల్లు యజమాని గొడుగు కింద నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. నాకూ తొందరగానే ఉంది. హెల్పర్ కుర్రాడు నిచ్చెన వేశాడు.

కాకా కదల్లేదు.

“ఎల్సీ వచ్చింది కాకా, స్విచ్ తీశాం, ఇంకేంది?” అన్నాను.

“సచ్చిందని వాళ్లు జెప్పిన్రు సారూ. తీగ జెప్పలే గద” అన్నాడు.

సంచిలోంచి గొలుసు తీశాడు. ఒక కొసను నేలలో దిగ్గొట్టిన ఇనప కడ్డీకి కట్టాడు. అందర్నీ దూరం జరగమని, రెండో కొస మూడు తీగల మీదా పడేలా విసిరాడు. ఫట్‌మని నీలం వెలుగు. హెల్పర్ కుర్రాడు బురదలో కూర్చుండిపోయాడు. మరుక్షణం మిల్లు లోపల ఏదో గుర్రుమని మూలిగి ఆగిపోయింది. మేం వచ్చినప్పటి నుంచీ ఆ చప్పుడు వినబడుతూనే ఉంది, మాలో ఎవరి మనసుకూ ఎక్కలేదు. జనరేటరు.

ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందూ వెనకా తెలియదు. ఇటు 11,000 వోల్టులు వేస్తే అటు 433 వస్తాయి. అటునుంచి 400 తోస్తే ఇటు పది వేల పైచిలుకు లేస్తాయి. మిల్లువాళ్లు మెయిన్ స్విచ్ తీయకుండానే జనరేటరును బోర్డుకు కలిపారు. లైనుకో జనరేటరుకో, రెంటిలో ఒక్కదానికే తగులుకునే చేంజోవర్ స్విచ్ అక్కడ లేదు. వాళ్ల దృష్టిలో మిల్లులో దీపాలు వెలిగించుకున్నారు, అంతే. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి వెనక్కి నడిచి, మేం చచ్చిందనుకున్న తీగలోకి వచ్చి కూర్చుంది. ఆ రోజు సబ్‌స్టేషన్ ఆపరేటర్ అబద్ధం చెప్పలేదు, ఈ లైనుకు కరెంటు పంపే ఫీడర్‌ను నిజంగానే ఆపాడు. నా కళ్లూ మోసం చేయలేదు, బ్లేడ్లు నిజంగానే విడిపోయాయి. అందరి మాటా నిజమే. తీగ మాత్రం బతికే ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి, లేకపోతే రేపు ఎవరో ఒకరు సైకిలు గొలుసు పట్టుకుని బయల్దేరుతారు. గొలుసు విసరడం పాతకాలపు మొరటు పద్ధతి. విసిరిన చేతికే అంటుకోవచ్చు, తీగ తెగి నెత్తిన పడొచ్చు. ఇప్పుడు వోల్టేజీకి తగిన డిటెక్టర్లు ఉన్నాయి, పొడుగాటి ఇన్సులేటెడ్ కర్ర ఉన్న డిశ్చార్జ్ రాడ్లు ఉన్నాయి. ముందు డిటెక్టర్‌ను బతికున్న తీగ దగ్గర పెట్టి పనిచేస్తోందని చూసుకోవాలి, తర్వాత పని చేయాల్సిన తీగ దగ్గర చూడాలి, మళ్లీ వెనక్కి వచ్చి బతికున్న తీగ దగ్గర పెట్టాలి. మధ్యలో దాని బ్యాటరీ పోయి ఉంటే ఈ మూడో చూపులోనే దొరుకుతుంది. ఆ తర్వాత రాడ్ తీసుకుని, ముందు నేల కొస బిగించి, అప్పుడు తీగ కొస తగిలించాలి. తీసేటప్పుడు తీగ కొస ముందు. ఈ వరస తిరగబడితే ఎర్తింగ్ కోసం పట్టుకున్న తీగే మీ మీదికి కరెంటు తెస్తుంది. పని చేసే చోటికి రెండు వైపులా ఎర్త్ చేయాలి, ఒకవైపు చేసి మురిసిపోకూడదు. కరెంటు ఎటునుంచి వస్తుందో మీకెవరూ ముందుగా ఉత్తరం రాయరు.

మీలో చాలామంది జేబులో స్క్రూడ్రైవర్ టెస్టర్ ఉంటుంది. చిన్న నియాన్ దీపం వెలిగితే కరెంటుందని, లేకపోతే లేదని. ఆ దీపం వెలగాలంటే మీ ఒంట్లోంచి కొద్దిపాటి కరెంటు నేలకు పోవాలి. రబ్బరు చెప్పులేసుకుని చెక్క స్టూలు మీద నిలబడితే మిణుకుమిణుకుమంటుంది. పట్టపగలు ఆ మిణుకు కనబడదు. అది ఉందని చెబితే నమ్మండి, లేదని చెబితే నమ్మకండి.

ఇప్పుడు లైన్ క్లియర్ సంగతి. ఎల్సీ అనే రెండక్షరాలు మనకు ఊతపదమైపోయాయి. ఒకడు ఫోనులో అడుగుతాడు, అవతల ఒకడు ఇచ్చానంటాడు, ఒక నంబరు రాసుకుంటారు. ఆ రెండు గొంతుల మధ్య ఒక ప్రాణం వేలాడుతూ ఉంటుంది. ఏ ఫీడర్ అడిగాడు, ఏ ఫీడర్ విన్నాడు? ఒకే స్తంభాల మీద రెండు ఫీడర్లు పోయే చోట ఎల్సీ ఒకదానికి తీసుకుని చేయి రెండోదానిపై వేసిన కేసులు మన వృత్తిలో ఎన్నో. కిందున్న 11 కేవీకి ఎల్సీ తీసుకుంటారు, పైన దాటుతున్న 33 కేవీ సంగతి మరిచిపోతారు. తీసుకున్నవాడు భోజనానికి వెళ్తే, పనైపోయిందనుకుని ఇంకొకడు రిటర్న్ చేస్తాడు, స్తంభం మీద మూడోవాడు ఇంకా ఉంటాడు. తీసుకున్నవాడే తిరిగివ్వాలి, అదీ తన మనుషుల్ని కిందికి దించి, పేరుపేరునా లెక్కపెట్టుకున్నాక. కాకా లెక్క పెట్టేటప్పుడు ఒక్కొక్కడి భుజం మీద చేయి వేసేవాడు. పిలిస్తే పలకడం ఆయనకు చాలదు, ముట్టుకోవాలి.

ఆయనకు ఇంకో అలవాటుండేది. ఏబీ స్విచ్ ఓపెన్ చేశాక దాని హ్యాండిల్‌కు తాళం వేసేవాడు. డిపార్ట్‌మెంటు ఇచ్చింది కాదు, బేగంబజార్‌లో సొంత డబ్బుతో కొన్న ఇత్తడి తాళం. తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. మేం నవ్వేవాళ్లం. ఒకసారి నేనే అడిగాను, మేస్త్రీకి ఇచ్చి రాకూడదా, కిందున్నవాడికి ఇవ్వకూడదా అని. “గా ప్రాణం నాది సారూ, చెవి వాని దగ్గరెందుకుంటది?” అన్నాడు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1989లో ఒక నిబంధన తెచ్చింది. యంత్రం మీద పనిచేసే ప్రతి మనిషీ దాన్ని ఆపిన చోట సొంత తాళం వేయాలి, తన పేరున్న చీటీ తగిలించాలి, ఆ తాళం తనే తీయాలి. లాకౌట్, ట్యాగౌట్ అంటారు. ఆ కాగితం నా చేతికి వచ్చినప్పుడు నాకు మొలతాడే గుర్తొచ్చింది.

కాటేదాన్ యూనిట్లలో ఈ తాళం పద్ధతి ఇంకా రాలేదని చెబితే మీరెవరూ ఆశ్చర్యపోరు. మోటారు విప్పుతున్నవాడు లోపల, మెయిన్ బోర్డు ఎక్కడో గేటు పక్కన. బోర్డు మీద ఎంసీబీ పడి ఉంటే దాన్ని పైకి లేపాలని ప్రతి మనిషి చేతికీ దురద పుడుతుంది. షిఫ్టు మారి వచ్చినవాడు ట్రిప్పయిందనుకుని లేపుతాడు. పాపం, వాడు మంచే చేశాననుకుంటాడు. ఒక అట్టముక్క మీద “మనిషి పనిలో ఉన్నాడు” అని తెలుగులో, హిందీలో రాసి తగిలిస్తే సగం గండం గడుస్తుంది. కాటేదాన్‌లో బీహార్, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు పనిచేస్తారు కాబట్టి, వాళ్లకు అర్థమయ్యే బొమ్మ కూడా గీయండి. పాత విద్యుత్ నియమాలు రాసినవాళ్లు ఈ సంగతి ఎప్పుడో ఆలోచించారు. ప్రమాద సూచిక హిందీలోగానీ ఇంగ్లిషులోగానీ ఉండాలి, దాంతోపాటు ఆ జిల్లా భాషలోనూ ఉండాలి, పుర్రె, ఎముకల గుర్తు వేయాలి అన్నారు. చదువు రానివాడికి పుర్రె చాలు.

చట్టాల మాట వచ్చింది కాబట్టి త్వరగా దాటేస్తాను. 1910 చట్టం, 1956 నియమాలు, 2003 చట్టం, దాని కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలు, వాటి స్థానంలో 2023లో మళ్లీ కొత్తవి. చేతొడుగులు, రబ్బరు బూట్లు, సేఫ్టీ బెల్టులు, నిచ్చెనలు, ఎర్తింగ్ సాధనాలు, హెల్మెట్లు, లైన్ టెస్టర్లు పనివాడికి ఇవ్వాలని 2010 నిబంధనల్లో వివరంగానే ఉంది. మనిషి చనిపోతే విద్యుత్ తనిఖీ అధికారికి 24 గంటల్లో తెలియజేయాలని కూడా ఉంది. చట్టంలో కొరత పెద్దగా లేదు. గ్లోవ్స్ ఆఫీసు బీరువాలో ఉంటాయి, బీరువా తాళం స్టోర్ గుమాస్తా దగ్గర ఉంటుంది, గుమాస్తా సెలవులో ఉంటాడు. ఒకచోట నేను తనిఖీకి వెళ్తే కొత్త గ్లోవ్స్ సీలు తీయని కవర్లో చూపించారు. రబ్బరు ఎండిపోయి పొడిగా రాలింది. గ్లోవును మణికట్టు దగ్గర నుంచి చుట్టుకుంటూ గాలి బిగించి, బుడగలా ఉబ్బిందా లేదా చూసుకోవడానికి అర నిమిషం చాలు. సూదిమొన అంత రంధ్రం ఉన్నా అది గ్లోవు కాదు.

అసలు ఒంటికి ఎంత కరెంటు చాలు? పాత ఇళ్లల్లో జీరో బల్బు ఉండేది, గుర్తుందా? పేరుకు జీరో, తాగేది దాదాపు 15 వాట్లు. 230 వోల్టుల మీద అంటే 65 మిల్లీ ఆంపియర్లు. పూజగదిలో రాత్రంతా వెలిగిన ఆ చిన్న బల్బు కరెంటు గుండె మీదుగా పోతే ఆ గుండె లయ తప్పడానికి చాలు. అంతకంటే చాలా తక్కువలోనే ఇంకో కీడు జరుగుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ అనే ఆచార్యుడు మనుషుల మీదే పరీక్షలు చేసి, పట్టుకున్న తీగను వదలగలిగే హద్దు ఎక్కడుందో చూశాడు. మగవాళ్లకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లకు పది, పదకొండు. ఆ పైన చేతి కండరాలు బిగుసుకుపోతాయి, తీగను వదలాలని మెదడు ఎంత అరిచినా చేయి వినదు. కరెంటు పట్టేసింది అని మనవాళ్లు అనే మాట అక్షరాలా నిజం, కాకపోతే పట్టుకున్నది మన చెయ్యే. అందుకే ఎలక్ట్రీషియన్లు అనుమానం ఉన్నచోట అరచేయి చాపరు, వేళ్ల వెనకవైపు తాకిస్తారు. అది కూడా మంచి అలవాటేం కాదు. అనుమానం తీర్చడానికి ఒంటిని వాడుకోవాల్సిన పనిలేదు.

ఎంసీబీ ఉంది కదా అని ఇంటివాళ్లు అడుగుతారు. 16 ఆంపియర్ల ఎంసీబీకి మీ గుండె గోడు పట్టదు. అది తీగను కాపాడుతుంది, తీగ కాలిపోకుండా చూస్తుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు తిరిగొచ్చిందా లేదా అని లెక్క చూసి, 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే సెకనులో చిన్న వంతులోనే ఆపేస్తుంది. ఎర్త్ లీకేజీని కనిపెట్టి ఇళ్లల్లో ప్రాణాలు కాపాడే ఇలాంటి పరికరాన్ని అమెరికాలో కనిపెట్టింది కూడా డాల్జీలే. ఇల్లు కట్టేవాడు టైల్స్‌కు లక్షలు పెట్టి దీని దగ్గర బేరమాడితే, ఆ బేరంలో మీరు ఓడిపోకండి.

ఇక మనసుకు కష్టమైన సంగతి. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 900 మెగావాట్లు, కొండ కడుపులో. తొమ్మిది మంది చనిపోయారు. అందులో ఇంజినీర్లున్నారు, కింది ఉద్యోగులున్నారు, బ్యాటరీల పనికి వచ్చిన కంపెనీ మనుషులిద్దరున్నారు. ఆ రోజు అక్కడ బ్యాటరీలు మార్చే పని నడుస్తోంది.

పెద్ద కేంద్రంలో బ్యాటరీలు దేనికి? ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ లాంటివి కావవి. ఎక్కడైనా షార్ట్ జరిగితే బ్రేకర్ తెరుచుకోవాలి. తెరుచుకోమని చెప్పే రిలే, తెరిచే కాయిల్, ఈ రెండూ బ్యాటరీల డీసీ మీద బతుకుతాయి. ఏసీ ఎంత చచ్చినా డీసీ బతికుండాలి, అప్పుడే ఏసీని చంపగలం. ఇలా చెప్తే తిరకాసుగా ఉంటుంది గానీ, కేంద్రం మొత్తానికి బ్యాటరీ గదిలో ఉన్నదే కాపలా. కాపలావాణ్ని మార్చే గంటలో ఇంటికి తలుపులు తీసే ఉంటాయి. మీ స్థాయిలో కూడా ఇది జరుగుతుంది. ఎర్త్ తీగ బాగుచేస్తున్న పది నిమిషాల్లో ఆ ఇంట్లో గ్రైండర్ నడుస్తూ ఉంటుంది. న్యూట్రల్ విప్పిన క్షణంలో మూడు ఫేజుల ఇంట్లో టీవీలకు 400 వోల్టుల దాకా పోవచ్చు. రక్షణ మీదే పనిచేస్తున్నప్పుడు మామూలు పని కంటే రెట్టింపు అనుమానం కావాలి.

భూగర్భంలో అగ్నికంటే పొగ ముందు వస్తుంది. ఆ తొమ్మిది మందిలో కొందరు పారిపోకుండా మంట ఆర్పడానికి ప్రయత్నించినవాళ్లు. వాళ్ల గురించి ఇంతకంటే మాట్లాడలేను.

ఎయిర్‌పోర్టు పిల్లలు కొందరు వచ్చారని విన్నాను, వాళ్ల కోసం ఒక ముక్క. మనకు తెలిసిన దీపాలన్నీ పక్కపక్కన కలిపినవి, ఒకటి తీసినా రెండోది వెలుగుతుంది. రన్‌వే దీపాలు పాత సీరియల్ సెట్టులా వరసగా కట్టి ఉంటాయి. శంషాబాద్ పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంత దూరం మొదటి దీపమూ చివరి దీపమూ ఒకే వెలుగు ఇవ్వాలంటే అన్నిటికీ ఒకే కరెంటు పోవాలి. సాధారణంగా 6.6 ఆంపియర్లు. రెగ్యులేటర్ ఎలాగైనా సరే ఆ కరెంటును తోయాలని చూస్తుంది. ఇంటి వైరింగ్ నేర్చుకుని వచ్చినవాడు సర్క్యూట్ తెంపితే చచ్చిపోతుందనుకుంటాడు. ఇక్కడ తెంపిన చోట వేల వోల్టులు లేచి నిలబడతాయి. తెంపడం అంటే ఆపడం అని చేతికి అలవాటైన పాఠమే అక్కడ ప్రాణం తీస్తుంది. తీగ తెలిసిందే, తీరు వేరు.

పండగల గురించి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు. వాహనం ఆగిపోతే కుర్రాళ్లు రథాన్ని చేతులతో లాగారు. రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. ఆ వెంటనే స్తంభాలకు వేలాడే టీవీ, ఇంటర్నెట్ కేబుళ్లు తెంపడం మొదలైంది, ఆ గొడవ హైకోర్టుదాకా వెళ్లింది. కేబుళ్లు కట్టినవాళ్లెవరు? మీలాంటి కుర్రాళ్లే, నిచ్చెన ఒకటి, కటింగ్ ప్లేయర్ ఒకటి, రోజుకూలి. స్తంభం మీద కరెంటు తీగ పక్కనే పనిచేస్తారు, కరెంటు పనివాళ్లుగా వాళ్లను ఏ లెక్కలోనూ రాయరు. డెకరేషన్ పిల్లలదీ అదే కథ. దేశంలో కరెంటు తగిలి ఏటా 12 వేల మందికి పైగా చనిపోతున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెప్తున్నాయి. అందులో లైన్‌మన్‌లు కొంతమందే. మిగిలినవాళ్లలో రైతులున్నారు. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది గానీ, అంతకుముందు రాత్రి కరెంటు కాలంలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర టార్చిలైటు నోట్లో పెట్టుకుని ఫ్యూజు వేసుకున్న రైతులు ఎంతమందో. లైన్‌మన్ రావడానికి రెండు రోజులు, పైరు ఎండటానికి ఒక రోజు. ఆ లెక్కలో రైతును తప్పుపట్టే నోరు నాకు లేదు.

తగిలినవాడి సంగతి కూడా చెప్పుకోవాలి. మనవాళ్లు అరికాళ్లు, అరచేతులు రుద్దుతారు, చుట్టూ మూగుతారు. ముందు కరెంటు ఆపాలి, లేదంటే ఎండిన కర్రతో ఇంటి వోల్టేజీ తీగను తప్పించాలి. 11 కేవీ దగ్గర కర్రను కూడా నమ్మకూడదు, దగ్గరికే పోకూడదు. శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కాలి. 108 అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. ఈ నొక్కే విద్య ఎక్కడ పుట్టిందో తెలుసా? మన వృత్తిలోనే. అమెరికాలో లైన్‌మన్‌లు చచ్చిపోతున్నారని కరెంటు కంపెనీలు డబ్బిచ్చి పరిశోధన పెట్టించాయి. జాన్స్ హాప్‌కిన్స్‌లో విలియం కౌవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజినీరు, డాక్టరు కాదు, ఆగిన గుండెను కరెంటుతోనే మళ్లీ కొట్టించవచ్చా అని ఏళ్ల తరబడి చూశాడు. ఆయన శిష్యుడు నికర్‌బాకర్ కుక్క ఛాతీ మీద ఎలక్ట్రోడ్లు గట్టిగా అదిమినప్పుడు రక్తపోటు లేవడం గమనించాడు. కరెంటు ఇవ్వకముందే, ఒట్టి అదుముడుకే. 1960లో అది వ్యాసమై వచ్చింది. ఇవాళ గుండె ఆగిన ప్రతివాడికీ చేసేది అదే.

1967లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఒక లైన్‌మన్ షాక్ తగిలి సేఫ్టీ బెల్టుకు తలకిందులుగా వేలాడాడు. పక్క స్తంభం మీదున్న సహచరుడు పరుగెత్తి ఎక్కి, అక్కడే నోటితో శ్వాస ఊదాడు. అటుగా పోతున్న రోకో మొరాబిటో అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఆ బొమ్మకు మరుసటి ఏడు పులిట్జర్ బహుమానం వచ్చింది. షాక్ తగిలినవాడు బతికాడు. ఆ బొమ్మను కాకాకు చూపించాను. చాలాసేపు చూసి, “బెల్టు ఉంది గాబట్టి దొరికిండు, లేకుంటే కింద పడేటోడు” అన్నాడు. నేను శ్వాస ఊదినవాణ్ని చూశాను, ఆయన బెల్టును చూశాడు.

ఇంక ముగిస్తాను. బల్ల మీద ఉన్న ఈ ఇత్తడి తాళం ఆయనదే. పెద్దకొడుకు తెచ్చాడు, వెనక వరుసలో కూర్చున్నాడు, కాటేదాన్‌లో మోటార్ వైండింగ్ చేస్తాడు. రిటైరై ఇరవై ఏళ్లు దాటాక కూడా తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేదట. అంత్యక్రియల ముందు మొలతాడు తెంపినప్పుడు దొరికింది. కొడుకు బెల్టు పెట్టుకునే కాలం మనిషి, దాన్ని స్కూటరు కీచెయిన్‌కు వేసుకున్నాడు. తాళం సభకు ఇచ్చాడు గానీ చెవి ఇవ్వలేదు, సోమవారం పని మీద కావాలన్నాడు. పోయేటప్పుడు దగ్గరికొచ్చి చూడండి. తాళం వేసే ఉంది.